మౌస్ ఎందుకు ఆగుతోందో చెప్పగలరా?

రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అనే లైను లేని ఇంజినీరింగ్ విద్యార్థి దొరకడం కష్టం. అదే విద్యార్థి గదిలో డెస్క్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు వైర్‌లెస్ మౌస్ మొరాయించిందనుకోండి. ఏం జరుగుతుంది? ముందు మౌస్‌కు టేబుల్ మీద రెండు దెబ్బలు. తర్వాత రిసీవర్ పీకి ఇంకో పోర్టులో గుచ్చడం. ఆ తర్వాత బ్యాటరీ తీసి, ప్యాంటుకు తుడిచి మళ్లీ పెట్టడం. అప్పటికీ కుదరకపోతే రీస్టార్ట్. ఎక్కడో ఒకచోట కర్సర్ కదులుతుంది. ‘హమ్మయ్య’ అనుకుని పనిలో పడిపోతారు. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే కథ.

ఈ నాలుగు పనుల్లో దేనివల్ల మౌస్ కదిలిందని అడిగి చూడండి. చెప్పలేరు. నా అభ్యంతరం అక్కడే. మౌస్ పని చేయడం వేరు, సమస్య పరిష్కారం కావడం వేరు. కారణం తెలియకుండా పోయిన సమస్య పోయినట్టు కాదు, కాసేపు కనబడకుండా దాక్కున్నట్టు.

‘ఇంత చిన్న విషయానికి ఇంత సీనా?’ అనిపించొచ్చు. కానీ టెక్నికల్ సపోర్ట్, టెస్టింగ్, నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మిన్... ఫ్రెషర్లకు తలుపు తెరిచే ఉద్యోగాల్లో చాలావాటి అసలు పని ఇదే. అప్పుడప్పుడూ వచ్చిపోయే సమస్యను పట్టుకుని, అది ఎక్కడుందో తేల్చడం. మా టీమ్‌లోకి ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ప్యానెల్‌లో నేనూ కూర్చుంటుంటాను. కోడింగ్ ప్రశ్నకు తడబడినవాళ్లను కూడా తీసుకున్నాం. ‘మొదట ఏం చూశావ్? ఎందుకు చూశావ్?’ అనే ప్రశ్నకు జవాబు లేనివాళ్లను తీసుకోవడానికే వెనకాడాం. ఆ జవాబు నేర్చుకోవడానికి మీ టేబుల్ మీదున్న మౌస్ కంటే చవకైన ల్యాబ్ ఇంకోటి లేదు.

రోగం పేరు ముందు సరిగ్గా చెప్పండి

‘మౌస్ సరిగా పని చేయట్లేదు’ అనేది ఫిర్యాదే కానీ లక్షణం కాదు. కడుపులో ఏదోలా ఉందని డాక్టరుతో చెప్పినట్టు ఉంటుంది. మౌస్ విషయంలో కనీసం నాలుగు వేర్వేరు రోగాలను ఇదే మాటతో చెబుతుంటాం.

ఒకటి, కర్సర్ ఆగి ఆగి, గెంతుతూ కదలడం. రెండు, కాసేపు వదిలేసి మళ్లీ పట్టుకుంటే వెంటనే స్పందించకపోవడం. మూడు, ఉన్నట్టుండి కనెక్షన్ పూర్తిగా తెగిపోవడం. నాలుగు, ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడటం. ఈ నాలుగోదానికి వైర్‌లెస్‌తో సాధారణంగా సంబంధమే ఉండదు. బటన్ కింద ఉండే చిన్న స్విచ్ అరిగిపోతే అలా జరుగుతుంది. దానికోసం డ్రైవర్లు వెతకడం వృథా. అలాగే నున్నటి గాజు టేబుల్ మీద గానీ, కింద సెన్సర్ రంధ్రంలో వెంట్రుక చిక్కినప్పుడు గానీ కర్సర్ గంతులేస్తుంది. అది సిగ్నల్ సమస్య కాదు, చూపు సమస్య. మౌస్ కింద ఒక తెల్లకాగితం పెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

కాబట్టి మొదటి పని స్క్రూడ్రైవరుతో కాదు, పెన్నుతో. ఏం జరిగింది, ఎన్ని గంటలకు, అప్పుడు కంప్యూటర్‌లో ఇంకా ఏమేం నడుస్తున్నాయి... రెండు రోజులు రాయండి. అప్పుడప్పుడూ వచ్చే సమస్యల గుట్టు ఎక్కువగా ఈ ‘ఎప్పుడు’లోనే ఉంటుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి

గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏదీ తేలదు. అనుమానితులను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ విడిగా విచారించాలి. ఇక్కడ అనుమానితులు నలుగురే. కంప్యూటర్, మౌస్, మధ్యలో గాలి, విండోస్ సెట్టింగులు.

కంప్యూటర్‌తో మొదలుపెడదాం. స్నేహితుల దగ్గర ఒక వైరు మౌస్ అడిగి తెచ్చుకోండి. దాన్ని కూడా అదే డెస్క్‌టాప్‌కు తగిలించి పక్కన ఉంచండి. వైర్‌లెస్ మౌస్ ఆగిన క్షణంలో వైరు మౌస్ కదపండి. కర్సర్ హాయిగా కదిలిందా? అయితే కంప్యూటర్ హ్యాంగ్ కాలేదు. అదీ కదల్లేదా? అయితే తప్పు మౌస్‌ది కాదు. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచి, ర్యామ్ నిండిపోయి సిస్టమే ఊపిరాడక కొట్టుకుంటోందేమో చూడాలి. ఐదు సెకన్ల పరీక్ష ఇది. సగం అనుమానాలు తీరిపోతాయి.

తర్వాత మౌస్ వంతు. దాన్ని రిసీవర్‌తో సహా ఒక ల్యాప్‌టాప్‌కు పెట్టి ఒక పూటంతా వాడండి. అక్కడ సాఫీగా నడిస్తే మౌస్, రిసీవర్, బ్యాటరీ మూడింటికీ దాదాపు క్లీన్‌చిట్ ఇచ్చేయొచ్చు. అక్కడా ఆగితే ముందు కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేసి చూడండి. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ నికెల్ సెల్ 1.2 వోల్టులు. కొన్ని మౌస్‌లు ఈ తేడాకే ‘బ్యాటరీ అయిపోతోంది’ అని గోల పెడతాయి.

అరచేత్తో తడితే పని చేస్తోందా? నవ్వేయకండి, అదొక ఆధారం. తడితే రేడియో సిగ్నల్ బాగుపడదు. బ్యాటరీ దగ్గర స్ప్రింగు వదులైనా, అక్కడ తుప్పు పట్టినా తట్టగానే కదులుతుంది. దెబ్బ కొట్టి సంతోషించేవాళ్లకూ, దెబ్బ ఎందుకు పని చేసిందని ఆలోచించేవాళ్లకూ ఉన్న తేడానే నేను చెబుతున్నది.

అసలు దొంగ సీపీయూ వెనక ఉంటే?

ల్యాప్‌టాప్ మీద బాగుండి డెస్క్‌టాప్ మీదే ఆగుతోందంటే కథ రసవత్తరంగా మారుతుంది. డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇనుప డబ్బా. అది టేబుల్ కింద, గోడవైపు తిరిగి ఉంటుంది. రిసీవర్‌ను వెనక పోర్టులో పెడతాం. అంటే మౌస్ నుంచి బయల్దేరిన సిగ్నల్ టేబుల్ చెక్కను దాటి, ఇనుప డబ్బాను చుట్టి, వైర్ల గుంపులోంచి దూరి ఆ రిసీవర్‌ను చేరాలి. ల్యాప్‌టాప్‌కు ఈ తిప్పలేవీ లేవు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మామూలు వైర్‌లెస్ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడుతుంది. మన దేశంలో ఈ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలు వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2005లోనే ప్రభుత్వం చెప్పింది. అందుకే అక్కడ రద్దీ. వైఫై, బ్లూటూత్ అక్కడే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు అక్కడే. అయితే వైఫై ఒక్కటే ఉంటే మౌస్ సర్దుకుపోగలదు. ఒక వైఫై చానెల్ బ్యాండులో సుమారు 20 మెగాహెర్ట్జ్ మేర ఆక్రమిస్తుంది. మొత్తం బ్యాండు 80 మెగాహెర్ట్జ్‌కు పైమాటే. ఖాళీ చోటు చూసుకుని అటు జరిగే తెలివి చాలా మౌస్‌లకు ఉంటుంది.

ఖాళీ చోటే లేకుండా చేసేది ఇంకోటుంది. దాని పేరు యూఎస్‌బీ 3.0. ఆశ్చర్యపోకండి. అది వైరులో వెళ్లే డేటానే. కానీ సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో వెళ్లేటప్పుడు కనెక్టరు నుంచి, కేబుల్ నుంచి, పరికరం నుంచి రేడియో రొద బయటికి కారుతుంది. ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండునంతా కప్పేస్తుంది. ఇంటెల్ సంస్థ 2012లో ఈ విషయం మీదే ఒక పత్రం వెలువరించింది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించినప్పుడు ఆ బ్యాండులో రొద మట్టం దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని అందులో ఉంది. డెసిబెల్ లెక్క తెలిసినవాళ్లకు దాని అర్థం తెలుసు... వంద రెట్లు! పక్కింట్లో పెళ్లి డీజే మోగుతుంటే మీరు గుసగుసగా ఫోన్ మాట్లాడినట్టన్నమాట.

మా జూనియర్ ఒకమ్మాయి డెస్క్‌టాప్‌కు ఇదే జరిగింది. పగలు బాగుండే మౌస్ రాత్రి పది దాటాక ఆగేది. వైరస్ అన్నారొకరు. విండోస్ మళ్లీ ఎక్కించమన్నారు ఇంకొకరు. గోటితో పోయేదానికి గొడ్డలి! తను మాత్రం వారం రోజులు టైము రాసుకుంది. రాత్రి పదికి ఏం జరుగుతోంది? రోజూ ఆ వేళకే ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు కాపీ అయ్యేలా తనే పెట్టుకుంది. ఆ డిస్క్ ఉన్నది వెనక నీలం పోర్టులో. దాన్ని ఆనుకుని ఉన్న పోర్టులోనే మౌస్ రిసీవర్. కాపీ ఆపింది, మౌస్ బాగుంది. మళ్లీ కాపీ పెట్టింది, మౌస్ ఆగింది. మూడుసార్లు అలా చేసి, అప్పుడు గానీ ‘దొరికింది’ అనలేదు.

గమనించారా? సమస్య పోగానే సంబరపడలేదు. పాత స్థితికి తెచ్చి, సమస్య తిరిగొస్తుందో లేదో చూసింది. తీసేస్తే పోవాలి, పెడితే రావాలి. ఈ రెండూ జరిగితేనే అది కారణం. ఒక్కటే జరిగితే కాకతాళీయం కావచ్చు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఈ ఒక్క వాక్యం ఒంటబట్టినా చాలంటాను.

వంద రూపాయల మందు

దీనికి మందేమిటి? ఒక యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్. వంద, నూటయాభై రూపాయలు ఉంటుంది. దాన్ని హార్డ్ డిస్క్‌కు దూరంగా ఉన్న పోర్టులో గుచ్చి, రెండో కొసను టేబుల్ మీదికి తెచ్చి, రిసీవర్‌ను దానికి పెట్టండి. ఇది చిట్కా కాదు, లెక్క. అడ్డులేని చోట సిగ్నల్ బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని చదువుకున్నాం కదా. రెండు మీటర్ల అవతల ఉన్న రిసీవర్‌ను 20 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే దూరం పదో వంతు. సిగ్నల్ సుమారు వంద రెట్లు. అంటే హార్డ్ డిస్క్ లాక్కున్న 20 డెసిబెల్స్‌ను ఈ కేబుల్ ఇంచుమించు తిరిగి తెచ్చేస్తుంది. రొదకు దూరం జరగడం, ఇనుప డబ్బా అడ్డు తొలగడం అదనపు లాభాలు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయిన సూత్రం టేబుల్ మీద పనికొచ్చింది చూడండి!

కేబుల్ కొనేముందు ఉచితంగా ఒక పరీక్ష చేయొచ్చు. రిసీవర్‌ను క్యాబినెట్ ముందు పోర్టుకు మార్చి, వెనక హార్డ్ డిస్క్ తీసేసి చూడండి. తేడా వస్తే అనుమానం నిజమే. మామూలుగా నీలం రంగువి యూఎస్‌బీ 3.0, నలుపువి 2.0. కానీ అన్ని కంపెనీలూ ఈ రంగులు పాటించవు. మదర్‌బోర్డు మాన్యువల్ చూసుకోవడమే మంచిది.

రిసీవర్ లేకుండా నేరుగా బ్లూటూత్‌తో కలిసే మౌస్ అయితే సీపీయూ వెనక్కి వంగి చూడండి. వైఫై, బ్లూటూత్ ఉన్న చాలా మదర్‌బోర్డులకు వెనక రెండు చిన్న ఇత్తడి మరలు ఉంటాయి. యాంటెనా బిగించాల్సింది వాటికే. ఆ యాంటెనాలు మదర్‌బోర్డు అట్టపెట్టెలోనే, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అటక మీద పడి ఉంటాయి. వైఫై బదులు లాన్ కేబుల్ వాడేవాళ్లు ‘నాకెందుకు’ అని వదిలేస్తారు. బ్లూటూత్‌కూ ఆ యాంటెనాయే దిక్కని తెలియదు.

విండోస్ పొదుపు

కాసేపు వదిలేసి వస్తే మౌస్ మొద్దుబారుతోందా? రెండు అవకాశాలు. బ్యాటరీ ఆదా కోసం మౌస్ తనంతట తాను నిద్రపోతుంది. ఒక క్లిక్కుతో లేస్తే అది రోగం కాదు, అలవాటు. క్లిక్కులు కొట్టినా చాలాసేపు లేవకపోతే విండోస్‌ను అనుమానించండి. వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాలకు కరెంటు తగ్గించే సెట్టింగ్ అందులో ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరవండి. పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే గడిలో టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కనిపిస్తే దాన్నీ డిజేబుల్ చేసి చూడొచ్చు. ఒకటి మార్చాక ఒక రోజు ఆగి, రెండోది మార్చండి. బ్యాటరీతో నడిచే ల్యాప్‌టాప్‌లో ఈ పొదుపుకు అర్థముంది. గోడకు ప్లగ్గు పెట్టిన డెస్క్‌టాప్‌లో ఇది పిల్లికి బిచ్చం పెట్టని పొదుపు.

‘ఐదొందలు పెట్టి కొత్తది కొంటే పోలా?’

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. కొన్నిసార్లు అదే సరైన నిర్ణయం. రేపు పొద్దున ఇంట్లోంచి ఆన్‌లైన్ అసెస్‌మెంట్ రాయాలంటే ఈ రాత్రి పరిశోధనలొద్దు. వైరు మౌస్ తగిలించుకుని పడుకోండి. రిస్కు తగ్గించుకోవడం కూడా ఇంజినీరింగే.

కానీ ఒక్కటి ఆలోచించండి. తప్పు పోర్టు దగ్గర ఉంటే కొత్త మౌస్ ఏం చేస్తుంది? అదే పోర్టులో, అదే హార్డ్ డిస్క్ పక్కన, అదే ఇనుప డబ్బా వెనక అదీ ఆగుతుంది. అప్పుడు ‘ఈ కంపెనీ కూడా చెత్తే’ అని రివ్యూ రాసి మూడోది కొంటాం. కారణం తెలియకుండా పెట్టే ఖర్చుకు అంతుండదు. ఇంట్లోంచి నెలకింత అని తెచ్చుకుని హాస్టల్లో, అమీర్‌పేట గదుల్లో గడిపేవాళ్లకు ఐదొందలు చిన్న మొత్తమేం కాదు. ఇదే అలవాటు ఉద్యోగంలోకి తీసుకెళితే, అక్కడ ఆగేది మౌస్ కాదు, సర్వర్. మార్చి చూద్దాం అని తోచినదల్లా మార్చేవాళ్లకు అక్కడ రెండో అవకాశం దొరకడం కష్టం.

చెడిపోని ల్యాబుల్లో ఏం నేర్చుకుంటాం?

తప్పు పూర్తిగా విద్యార్థులదీ కాదు. మన ల్యాబుల్లో ప్రయోగాలన్నీ ముందే పని చేసేలా సర్ది ఉంటాయి. రీడింగ్ తేడా వస్తే ఎందుకొచ్చిందని అడిగేవారుండరు. పక్క బ్యాచ్ రికార్డు చూసి సరిచేసుకోవడమే రివాజు. సరిగ్గా రాని రీడింగే ఆ రోజు ల్యాబులో అత్యంత విలువైన విషయమని ఎవరూ చెప్పరు. సెమిస్టరుకు ఒక్క ప్రయోగమైనా కావాలని చెడగొట్టి ఇవ్వాలి, దాన్ని కనిపెట్టినవాళ్లకే మార్కులు వేయాలి అన్నది నా వాదన. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. హాస్టల్లోనే ఆడుకోవచ్చు. ఒకరు తప్పు పెట్టాలి. బ్యాటరీ స్ప్రింగు కింద చిన్న కాగితం ముక్క దూర్చొచ్చు, రిసీవర్‌కు అల్యూమినియం ఫాయిల్ చుట్టొచ్చు, యాంటెనా మర విప్పేయొచ్చు. ఇంకొకరు కనిపెట్టాలి. షరతు ఒక్కటే. ప్రతి అడుగుకూ ముందు ‘ఇది ఎందుకు చేస్తున్నాను, ఏం జరిగితే ఏం తేలుతుంది’ అని పైకి చెప్పాలి.

ఆ పైకి చెప్పడమే ఇంటర్వ్యూలో పనికొస్తుంది. ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అంటే చాలామంది ‘సర్, మా ప్రాజెక్టులో ఎర్రర్ వచ్చింది, చాలా కష్టపడి సాల్వ్ చేశాం’ అంటారు. కష్టం కనిపిస్తోంది కానీ బుర్ర కనిపించదు. అదే ఇలా చెబితే? ‘సర్, నా మౌస్ రాత్రిపూట మాత్రమే ఆగేది. వైరు మౌస్ పెట్టి సిస్టమ్ హ్యాంగ్ కాలేదని తేల్చుకున్నాను. ల్యాప్‌టాప్‌లో పెట్టి మౌస్ బాగుందని చూశాను. టైము రాసుకుంటే బ్యాకప్ వేళకు కలిసింది. కాపీ ఆపితే పోయింది, పెడితే వచ్చింది. రిసీవర్ చోటు మార్చాను, మళ్లీ రాలేదు.’ ఆరు వాక్యాలు. ఖరీదైన కోర్సు పేరు ఒక్కటీ లేదు. కానీ ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ఈ మౌస్ కథ ఒక్కటీ చెబితే ఉద్యోగం వచ్చేస్తుందని నేను అనను. డేటా స్ట్రక్చర్లు చదవాల్సిందే, ఆప్టిట్యూడ్ చేయాల్సిందే. అయితే రెజ్యూమెలోని ఆ ఒక్క లైనుకు సాక్ష్యం అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ఈసారి మౌస్ ఆగినప్పుడు చెయ్యి ఎత్తకండి. పెన్ను తీసి టైము రాయండి.